112వ ప్రతికి బదులు ఏది?

పుస్తకం చేరింది కానీ అట్ట కింది మూల నలిగిపోయింది. మామూలు పుస్తకమైతే ఈ ఫిర్యాదు అయిదు నిమిషాల పని. బీరువాలోంచి ఇంకో కాపీ తీసి, ఈసారి కాస్త మందంగా చుట్టి పంపితే సరిపోతుంది. కానీ ఆ పుస్తకం చివరి పుటలో ‘300 ప్రతుల్లో ఇది 112వది’ అని చేత్తో రాసి, దాని కింద రచయిత సంతకం ఉంటే వ్యవహారం వేరు. బీరువాలో ఇంకో 112 ఉండదు. ఉన్నదంటే పుస్తకం కొన్న 300 మందినీ మోసం చేసినట్టే.

సంఖ్య వేసిన పరిమిత ముద్రణల్లో చిన్న ప్రచురణకర్తకు ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. విజయవాడ ఏలూరు రోడ్డు పక్క వీధిలో రెండు గదులు, ఒక సహాయకుడు, ఒక కంప్యూటర్ ఉన్న సంస్థను ఊహించుకుందాం. వెయ్యి కాపీలు వేసి గోదాములో చెదలకు కాపలా కాయడం కంటే, మేలైన కాగితం మీద 300 ప్రతులు వేసి ముందే డబ్బు తీసుకుని అమ్ముకోవడం వారికి తెలివైన పనిగానే కనిపిస్తుంది. అది నిజమే. పాఠకుల దగ్గర ముందుగా చందాలు కట్టించుకుని పుస్తకాలు తేవడం మనకు కొత్తేమీ కాదు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా మండలి చందాదారుల బలంతోనే నడిచింది. అయితే ఆ చందాదారుకు కావలసింది పుస్తకంలోని విషయం. ఈనాటి సేకర్తకు, అంటే పుస్తకాలు పోగుచేసేవారికి, విషయంతో పాటు వస్తువు కావాలి, ఆ వస్తువు 300కు మించి లేదన్న లెక్క కూడా కావాలి. ప్రచురణకర్త నిజానికి అమ్ముతున్నది ఆ లెక్కనే. కాగితం, సిరా, బంగారు రేకు అక్షరాలు లెక్కకు తొడిగిన చొక్కా లాంటివి.

లెక్క అమ్ముతున్నామని తెలిసిన ప్రచురణకర్త ఆర్డర్లు తీసుకోవడానికి ముందే, అసలు అచ్చుకు వెళ్ళకముందే, ఫిర్యాదుల సంగతి ఆలోచిస్తాడు. ఫారం అంటే మడిస్తే 16 పుటలయ్యే పెద్ద అచ్చు కాగితం. 300 పుస్తకాలు కావాలని 300 సెట్ల ఫారాలే అచ్చు వేయిస్తే 300 పుస్తకాలు రావు. మడతలో కొన్ని పోతాయి, కుట్టులో కొన్ని పోతాయి, అట్ట ఎక్కించేటప్పుడు జిగురు చిమ్మి ఇంకొన్ని పోతాయి. ఆ తరుగు తీసేశాక కూడా చేతిలో కొన్ని ఉండాలి. వాటిని పుస్తకాలుగా కట్టించి పెట్టుకోవడం కంటే విడి భాగాలుగా ఉంచుకోవడం మేలు. మడిచిన ఫారాలు పది పదిహేను సెట్లు, అదే రోజు అదే గుడ్డతో చేయించిన ఖాళీ అట్టలు పాతిక, అట్టనూ లోపలి పుస్తకాన్నీ కలిపే కాగితాలు, అంటే ఎండ్ పేపర్లు, పుస్తకానికి తొడిగే పెట్టె ఉంటే నాలుగైదు పెట్టెలు. గుడ్డ తాను మారితే రంగు ఒక పిసరు తేడా వస్తుంది. కొన్నవాడి కంటికి ఆ పిసరు గుమ్మంలోనే ఆనుతుంది.

ఈ విడి భాగాలు చేతిలో ఉంటే 112వ ప్రతి కథ సులువుగా తేలిపోతుంది. నలిగింది అట్ట. సంఖ్య ఉన్నది లోపల కుట్టులో చేరిన కాగితం మీద. బైండరు పాత అట్టను ఎండ్ పేపరు దగ్గర కోసి వేరు చేస్తాడు, కొత్త ఎండ్ పేపరు అంటించి, దాచిన ఖాళీ అట్టల్లో ఒకటి ఎక్కిస్తాడు. ఒక రోజంతా బరువు కింద ఉంచుతాడు. పుస్తకం అదే, సంఖ్య అదే, సంతకం అదే. మారింది పైచొక్కా మాత్రమే. కొన్నవారికి ఈ సంగతి దాచకుండా చెప్పాలి. చెబితే ఒప్పుకోని వారు అరుదు. ఇదంతా జరగాలంటే పుస్తకం కుట్టు బైండింగ్ అయి ఉండాలి, సంఖ్య పుట లోపలి ఫారంలో భాగమై ఉండాలి. ఖర్చు మిగులుతుందని గమ్ బైండింగ్‌తో సరిపెట్టి, సంఖ్యను ఎండ్ పేపరు మీదే వేసినవారికి ఈ దారి మూసుకుపోతుంది.

సంఖ్య ఎప్పుడు వేయాలన్నది కూడా చిన్న విషయంగా కనిపించే పెద్ద విషయం. సంతకం ముందు, సంఖ్య చివర. రచయిత విడి కాగితాల మీద సంతకాలు చేస్తారు, అవి బైండింగ్‌కు వెళతాయి, పుస్తకం తయారై వచ్చాక ప్రతి పుటా తిప్పి చూసి, బాగున్న వాటి మీదే సంఖ్య వేస్తారు. తొందరపడి సంతకంతో పాటే సంఖ్యలూ వేయించేస్తే, బైండరు దగ్గర పాడైన 41, 87, 203 ఇక లేనట్టే. ఆ మూడు సంఖ్యలకు డబ్బు కట్టినవారికి ఏమని చెప్పాలి? ఇంకో మాట. సంఖ్య వేసే కాగితం నునుపు ఆర్టు పేపరు కాకూడదు. సిరా ఆరకుండానే పుస్తకం మూస్తే సంతకం ఎదురు పుట మీద అద్దంలో బొమ్మలా దిగుతుంది.

ఇక ఫారాలు మారిపోవడం. 16 పుటల ఫారాలను వరసగా పేర్చి కుట్టేటప్పుడు మూడో ఫారం రెండుసార్లు పడి, నాలుగోది జారిపోతుంది. పాఠకుడికి 33 నుంచి 48 దాకా రెండుసార్లు వస్తుంది, 49 నుంచి 64 దాకా అసలుండదు. దీన్ని పట్టుకోవడానికి అచ్చు పనివారికి పాత ఉపాయం ఒకటుంది. ఒక్కో ఫారం మడత వెన్ను మీద ఒక నల్లటి గీత, ఒక్కో ఫారానికి ఒక్కో మెట్టు కిందికి అచ్చువేస్తారు. అన్నీ సరిగా పేరిస్తే పుస్తకం వెన్ను మీద మెట్ల వరస దిగుతున్నట్టు కనిపిస్తుంది. ఒక మెట్టు విరిగితే తప్పు ఎక్కడుందో చదవకుండానే తెలిసిపోతుంది. అట్ట ఎక్కాక ఆ మెట్లు కనబడవు కాబట్టి, కుట్టు పూర్తయిన రోజున ప్రచురణకర్త బైండరు దగ్గర కూర్చుని 300 వెన్నులూ చూసుకోవాలి. అరపూట పని. ఈ అరపూటను ఆదా చేసినవారే తరువాత నెల రోజులు ఫోనులో క్షమాపణలు చెప్పుకుంటారు.

సేకర్తల లోకంలో ఈ తప్పు మరింత ముదురుతుంది, ఎందుకంటే వారిలో కొందరు పుస్తకం మీది పారదర్శక ప్లాస్టిక్ చుట్టను విప్పనే విప్పరు. విప్పితే విలువ తగ్గుతుందని నమ్మకం. రెండేళ్ళ తరువాత ఇంకొకరికి అమ్మితే, ఆ రెండో మనిషి విప్పి చూసి 49వ పుట లేదంటాడు. అప్పుడు ఫిర్యాదు ఎవరి మీద, గడువు ఎప్పటి నుంచి? వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం బిల్లు మీద రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోనని నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. కొన్నవారు తాము నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. శ్రీకాకుళం పాఠకుడు విజయవాడ రానక్కర్లేదు, విజయవాడ ప్రచురణకర్తే శ్రీకాకుళం వెళ్ళాలి. అయినా ఫారం తప్పిన పుస్తకం విషయంలో 30 రోజుల లెక్క చూపి తప్పించుకోవడం తెలివైన పని కాదు. అది వాడకంలో వచ్చిన లోపం కాదు, పుట్టుకతో వచ్చింది. దాచిన ఫారాల సెట్లు ఉన్నంత కాలం సరిచేసి ఇస్తామని బిల్లు మీదే రాసిపెట్టే ప్రచురణకర్తకు ఆ వాగ్దానం వల్ల అయ్యే ఖర్చు తక్కువ, దక్కే నమ్మకం ఎక్కువ.

ఆ దాచిన సెట్లు ఎక్కడ దాచారన్నదీ ముఖ్యమే. తాళపత్రాల నాటి లేఖకులు పుస్తకం చేతనే మొర పెట్టించారు. నూనె నుంచి కాపాడండి, నీటి నుంచి కాపాడండి, వదులు కట్టు నుంచి కాపాడండి, మూర్ఖుడి చేతిలో పెట్టకండి అని. నూనె బాధ ఇప్పుడు కొంత తగ్గింది. మిగతా మూడూ అలాగే ఉన్నాయి. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు సింగ్‌నగర్ వైపు పొంగినప్పుడు నేల అంతస్తుల్లోని సరుకు ఏమైందో నగరంలో తెలియనివారు లేరు. అమ్మాల్సిన ప్రతులూ విడి భాగాలూ ఒకే గదిలో, అదీ నేల మీద పెట్టడమంటే తాళం చెవిని తాళం కప్పకే వేలాడదీసినట్టు. వరద లేని ఏడాది కూడా తేమ ఉంటుంది. వానాకాలంలో జిగురు ఆరకముందే ప్లాస్టిక్ చుట్టేస్తే, వారం తిరిగేసరికి అట్ట విల్లులా వంగుతుంది. అలా వంగిన అట్టలు బరువు కింద పెట్టినా పూర్తిగా లొంగవు.

ఆర్డర్ల దగ్గరికి వస్తే, తెలుగు నాట ఉన్న ఒక చిక్కు ఇంకెక్కడా ఇంతగా ఉండదేమో. ‘నాకు 116 ఇవ్వండి.’ పెళ్ళిలో చదివింపుల నుంచి పురోహితుడి సంభావన దాకా నూటపదహార్లతో నడిచే సమాజంలో 300 ప్రతుల పుస్తకానికి 116వ ప్రతి ఒక్కటే ఉండడం అన్యాయంగానే తోస్తుంది. కారుకు 9 కూడిక వచ్చే నంబరు కోసం వేలంలో డబ్బు పోసేవారు పుస్తకానికీ 9 అడుగుతారు. ఒకరు పుట్టిన తేదీ అడుగుతారు. ఒకరికి 8 వద్దు, అది శని సంఖ్య. దీనికి ఫోనులో ‘చూద్దాం లెండి’ అనడం అన్నిటికన్నా ప్రమాదకరమైన జవాబు. ఆ మాటను అవతలివారు మాట ఇచ్చినట్టే తీసుకుంటారు. అలా ముగ్గురికి చూద్దామన్న 116 చివరికి ఒకరికి చేరుతుంది, ఇద్దరు పగవారు మిగులుతారు.

పనికొచ్చే పద్ధతులు రెండే. డబ్బు అందిన వరసలోనే సంఖ్యలు, ఎవరికీ ఎంపిక లేదు అనడం ఒకటి. లేదా కోరుకున్న సంఖ్యకు అదనపు ధర ముందే ప్రకటించి, ముందు కట్టినవారికి ఇవ్వడం. రెండోది కాస్త బజారు వాసన కొడుతుంది కానీ తగవులు రావు. స్నేహితుల కోసం, పెద్దల కోసం 1 నుంచి 10 దాకా పక్కన పెట్టుకునే ప్రచురణకర్త ఆ సంగతిని ప్రకటనలోనే చెప్పాలి. మొదటి నిమిషంలో డబ్బు కట్టినవారికి 11 వస్తే మొదటి పది ఎక్కడికి పోయాయని అడగడం వారి హక్కు.

ఆర్డర్లు మితిమీరడం వేరే సంగతి. దానికి కారణం దురాశ కంటే తలుపులు ఎక్కువ కావడం. వాట్సాప్‌లో సహాయకుడు, దుకాణంలో యజమాని, జనవరి పుస్తక మహోత్సవంలో స్టాలు మీద కూర్చున్న బంధువు. ముగ్గురి చేతిలో మూడు నోటు పుస్తకాలు. 280 దాకా ఎవరికీ ఏమీ కాదు. చివరి ఇరవై ప్రతుల దగ్గర ముగ్గురూ ఒకేసారి అమ్ముతారు, లెక్క 307 తేలుతుంది.  చివరి ముప్పై ప్రతులు మిగిలినప్పుడు రెండు తలుపులు మూసేసి ఒకే చోట అమ్మడం తప్ప దీనికి మందు లేదు. మీరిన ఏడుగురికి డబ్బు ఆ రోజే వెనక్కి పంపాలి. ‘ఇంకో ఏడు వేయిద్దాం, ఎవరికి తెలుస్తుంది’ అన్న ఆలోచన ప్రచురణకర్తకు కాకపోతే బైండరుకైనా వస్తుంది. అది పుస్తకాన్ని కాదు, సంస్థ పేరును ముంచే ఆలోచన.

300 అన్న లెక్కలో చట్టానికి ఇవ్వాల్సినవి ఉన్నాయా లేవా అన్నది చాలామంది మరిచే విషయం. 1954 నాటి గ్రంథాలయాలకు పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం ప్రచురణ అయిన 30 రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి సెంట్రల్ లైబ్రరీకి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. అందులోనూ కోల్‌కతాకు వెళ్ళేది మేలైన కాగితం మీద, మేలైన హంగులతో చేసిన ప్రతే అయి ఉండాలి. సాదా ప్రతులూ ప్రత్యేక ప్రతులూ రెండూ వేసినవారు సాదాది పంపి చేతులు దులుపుకోలేరు. జరిమానా గరిష్ఠంగా 50 రూపాయలు, దానితో పాటు పుస్తకం విలువ. అంత చిన్న శిక్షకు భయపడి ఎవరూ పంపరు, పంపేవారు గౌరవంతో పంపుతారు. ఈ నాలుగూ, రచయితవి కొన్నీ, ముద్రాపకుడిది ఒకటీ 300లో భాగమో కాదో చివరి పుటలో రాసేస్తే, ‘అమ్మకానికి కాదు’ అన్న ముద్రతో ఎక్కడో ఒక ప్రతి బయటపడినప్పుడు గొడవ ఉండదు.

ఆలస్యం గురించి పెద్దగా చెప్పనక్కర్లేదు. సంక్రాంతికి పుస్తకం అని ప్రకటించి నవంబరులో బైండరు దగ్గరికి వెళితే, అక్కడ డైరీలు, క్యాలెండర్లు కొండలా ఉంటాయి. వేసవిలో వెళితే బడి నోటు పుస్తకాలు. చేత్తో కుట్టే 300 పుస్తకాల కోసం ఎవరూ వేల డైరీలను పక్కన పెట్టరు. ఆలస్యం తప్పనప్పుడు రాసే ఉత్తరం ఎలా ఉండాలన్నదే ముఖ్యం. ‘అనివార్య కారణాల వల్ల’ అన్న మాటతో మొదలైతే చదివేవారికి వెంటనే అనుమానం వస్తుంది. ఇలా రాస్తే నిలుస్తుంది: ‘మీ పేరిట ఉన్న పుస్తకానికి కుట్టు పూర్తయింది, అట్ట ఎక్కలేదు. బైండరు దగ్గర డైరీల పని ఈ నెల 28 దాకా ఉంది. ఆ తరువాత మాకు పది రోజులు పడుతుంది. అంతవరకు ఆగలేనివారు చెబితే డబ్బు మొత్తం వెనక్కి పంపుతాం. అప్పుడు మీ స్థానం వరసలో తరువాతివారికి వెళుతుంది.’ చివరి వాక్యం బెదిరింపులా వినిపించినా, అది నిజం. ఇది చదివాక ఆగుదామనుకునేవారే ఎక్కువ ఉంటారు. కానీ ఆ మొత్తం వెనక్కి ఇవ్వగలగాలంటే ముందుగా వచ్చిన డబ్బు పాత పుస్తకం తాలూకు ప్రెస్సు బాకీకి పోయి ఉండకూడదు. చిన్న సంస్థలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. పుస్తకంపై జీఎస్టీ లేదు కానీ కాగితానికి, అచ్చుకు కట్టిన పన్ను వెనక్కి రాదు. చేతిలో ఉందనుకున్న డబ్బు నిజానికి అంత ఉండదు.

పంపడం దగ్గర 2024 చివరి నుంచి నియమాలు చాలా మారాయి. పుస్తకాలకు చవకగా ఉన్న రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగింది. 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. ధర బాగుంది, కానీ రోడ్డు, రైలు దారినే మెల్లగా వెళుతుంది. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. స్పీడ్ పోస్టులో పార్సిల్ పోతే వచ్చే పరిహారం కట్టిన రుసుముకు రెట్టింపు లేదా వెయ్యి రూపాయలు, ఏది తక్కువైతే అది. 1,800 రూపాయల పుస్తకాన్ని 100 రూపాయలకు పంపితే చేతికొచ్చేది 200. బీమా చేయించడం తప్పదని దీన్నిబట్టే తెలుస్తుంది. విదేశాల సంగతి ఇంకా విడ్డూరం. 2025 ఆగస్టు 25 నుంచి అక్టోబరు 15 దాకా అమెరికాకు తపాలా పార్సిళ్ళు ఆగిపోయాయి. అలాంటప్పుడు అక్కడివారు ‘పటమటలో మా పెదనాన్నగారింట్లో ఇవ్వండి’ అంటారు. ఇవ్వవచ్చు. పెదనాన్నగారు ఎంతో శ్రద్ధగా చదివి, అట్ట మాయకుండా దినపత్రిక కాగితం వేసి, దాని మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసి పెడతారు. ఆ తరువాత వచ్చే ఫిర్యాదుకు ప్రచురణకర్త బాధ్యుడు కాదు. ఎవరికి, ఏ స్థితిలో అప్పగించారో ఫోటో తీసి ఉంచుకుంటే చాలు.

అన్నిటికన్నా చేదైన తగాదా పుస్తకం అమ్ముడైపోయాక వస్తుంది. ఏడాది తిరిగేసరికి అదే పుస్తకం పేపరు అట్టతో 250 రూపాయలకు వస్తుంది, 1,800 పెట్టి కొన్నవారు భగ్గుమంటారు. ప్రచురణకర్త దృష్టిలో పరిమితమైనది ఆ బైండింగ్, ఆ బొమ్మలు, ఆ సంతకం. కొన్నవారు అనుకున్నది ఆ పుస్తకమే పరిమితమని. తప్పు ‘పరిమిత ముద్రణ’ అన్న రెండు మాటలతో ప్రకటన ముగించడంలో ఉంది. ‘ఈ రూపంలో 300 మాత్రమే. సాదా ప్రతి తరువాత రావచ్చు’ అని ఇంకో వాక్యం రాస్తే కొన్ని ఆర్డర్లు తగ్గుతాయి. తగ్గితే తగ్గనివ్వాలి.

మళ్ళీ 112 దగ్గరికి. ఈసారి మూల నలగలేదు, పార్సిలే కనిపించకుండా పోయింది. మూడు వారాలు చూశారు, తపాలా ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చారు, ఫలితం లేదు. ఆ సంఖ్యను ఇంకో పుస్తకం మీద వేసి పంపడానికి చేయి లేస్తుంది. లేవనివ్వకూడదు. దాచిన విడి భాగాలతో సంఖ్య వేయని ప్రతి ఒకటి కట్టించి, ‘112వ ప్రతి దారిలో పోయినందున దాని స్థానంలో’ అని రాసి, తేదీ వేసి, సంతకం చేసి పంపాలి. అదే మాట రిజిస్టరులో ఆ సంఖ్య ఎదురుగా ఎర్ర సిరాతో రాయాలి. ఆ తరువాత ఒక రోజు, ‘ఇంటికి తాళం’ అని వెనక రాసి, మూడు ఊళ్ళ ముద్రలు వేయించుకుని, పాత 112 తిరిగి వచ్చి గుమ్మంలో పడుతుంది. అప్పుడు కొన్నవారికి ఫోను చేసి, రెండింటిలో ఏది ఉంచుకుంటారో అడగాలి. చాలామంది రెండోదే ఉంచుకుంటామంటారు, అలాంటిది లోకంలో ఒక్కటే ఉంది కాబట్టి.